ఈ ముక్క ఎక్కడిది?

ఏడాది దాటిన పిల్లవాడి ముందు ఆకారాల పెట్టె పెట్టి చూడండి. మూత మీద గుండ్రటి రంధ్రం ఒకటి, నలుపలకది ఒకటి, ముక్కోణపుది ఒకటి. పక్కనే వాటిలో పట్టే చెక్క దిమ్మలు. ఏం చెయ్యాలో పిల్లవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. దిమ్మ తీసుకుని రంధ్రం మీదికి తెస్తాడు, నొక్కుతాడు. పడదు. ఇంకాస్త గట్టిగా నొక్కుతాడు. పక్క రంధ్రం మీద పెడతాడు. అందులోనూ పట్టకపోతే దిమ్మతో మూత మీద నాలుగు దెబ్బలు వేసి, పెట్టెను తిరగేసి అడుగు చూస్తాడు.

స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయంలో హెలెనా ఓర్న్‌క్లూ, క్లేస్ ఫాన్ హోఫ్‌స్టెన్ సరిగ్గా ఈ ఆటనే ప్రయోగంగా మలిచారు. 14, 18, 22, 26 నెలల పిల్లలకు రకరకాల దిమ్మలూ, వాటికి సరిపోయే రంధ్రాలూ ఇచ్చి చేతుల కదలికలను గమనించారు. వాళ్ల ఫలితాలు 2007లో వెలువడ్డాయి. దిమ్మను రంధ్రంలో పడెయ్యాలన్న ఉబలాటం అన్ని వయసుల వాళ్లలోనూ ఉంది. 14 నెలల వాళ్లు మాత్రం దాన్ని ఎలా పట్టుకున్నారో అలాగే తీసుకొచ్చి రంధ్రం మీద ఆనించేవారు. 22 నెలలకు వచ్చేసరికి తీరు మారింది. పడుకోబెట్టి ఉన్న దిమ్మను దారిలోనే నిలబెడుతున్నారు. చెయ్యి రంధ్రాన్ని చేరకముందే దిమ్మను దానికి తగ్గట్టు తిప్పుకుంటున్నారు. అలా ముందే తిప్పుకున్నప్పుడే పని ఎక్కువగా నెరవేరింది.

ఎనిమిది నెలల తేడాలో ఎంత పెద్ద మార్పో చూడండి. అంతకుముందు చెయ్యి మాత్రమే ప్రయత్నించేది. ఇప్పుడు దిమ్మ ఎటు తిరిగితే లోపలికి పోతుందో మనసు ముందే చూసుకుంటోంది. వస్తువును మనసులో తిప్పి చూసుకునే ఈ నేర్పే పెద్దయ్యాక ఇంటి ప్లాను చదవడానికీ, యంత్రం విప్పి మళ్లీ బిగించడానికీ, అణువుల అమరికను ఊహించడానికీ పనికొస్తుంది. అమెరికాలో సుమారు 4,00,000 మంది హైస్కూలు విద్యార్థుల వివరాలు సేకరించి, చదువు ముగిసిన 11 ఏళ్ల దాకా వాళ్ల దారులు గమనించారు. ఆ సమాచారాన్ని విశ్లేషించి 2009లో వెలువరించిన పరిశోధన ప్రకారం, విజ్ఞానశాస్త్రాలూ ఇంజనీరింగూ వైపు వెళ్లి నిలదొక్కుకున్నవాళ్లలో ఈ నేర్పు హైస్కూలు రోజుల్లోనే ఎక్కువగా కనిపించింది. ఇది పుట్టుకతో వచ్చి అక్కడే ఆగిపోయే గుణమూ కాదు. 217 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2013లో పరిశీలించినప్పుడు, సాధనతో ఇది మెరుగవుతుందనీ, ఆ మెరుగు నిలుస్తుందనీ తేలింది.

అయితే ఇలాంటి పజిల్ విలువ ఉద్యోగాల దాకా పోతే తప్ప తెలియదని అనుకోనక్కర్లేదు. దాని అసలు గొప్పదనం అది ఆడుతున్న నిమిషంలోనే ఉంది. తప్పును పజిల్ తనే చెబుతుంది. ముక్క పట్టదు, అంతే. అమ్మ కసురుకోలేదు, టీచరమ్మ ఎర్రసిరాతో కొట్టివెయ్యలేదు, పక్కపిల్ల నవ్వలేదు. తప్పయిందని చెప్పింది ఒక చెక్కముక్క. దానిమీద పిల్లవాడికి కోపం రావచ్చు కానీ సిగ్గు రాదు. సిగ్గు లేనిచోట మళ్లీ ప్రయత్నించడం ఎంత తేలికో పిల్లల్ని దగ్గరగా చూసేవాళ్లందరికీ తెలుసు.

ఈ సంగతిని పట్టుకుని ఒక విద్యావిధానాన్నే కట్టిన మనిషి మరియా మాంటిస్సోరి. వృత్తిరీత్యా ఆమె డాక్టరు. 1907 జనవరి 6న రోమ్ నగరంలోని సాన్ లొరెంజో అనే పేదల పేటలో చిన్నపిల్లల కోసం ఒక బడి తెరిచారు. అక్కడి సామగ్రిలో పొడవాటి చెక్కదిమ్మ ఒకటుంది. దానికి 10 గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో గుండ్రటి కడ్డీ, పైన పట్టుకోవడానికి చిన్న బొడిపె. అన్నీ బయటికి తీసి, కలిపేసి, మళ్లీ దేని గుంటలో దాన్ని పెట్టాలి. సన్నటి కడ్డీని వెడల్పు గుంటలో వేస్తే పడిపోతుంది, అభ్యంతరమేమీ ఉండదు. కానీ చివర్లో ఒక లావుపాటి కడ్డీ మిగులుతుంది, దానికి మిగిలిన గుంట ఇరుకవుతుంది. ఎక్కడో పొరపాటు జరిగిందని అప్పుడు తెలుస్తుంది. వెనక్కి వెళ్లి వెతుక్కోవాలి.

ఒకరోజు మూడేళ్ల పిల్ల ఈ కడ్డీలతో కూర్చుంది. ఆమె ఏకాగ్రత ఎంతో చూద్దామని మాంటిస్సోరి మిగతా పిల్లల్ని చుట్టూ తిరుగుతూ పాడమన్నారు. పిల్ల తలెత్తలేదు. కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టారు. కడ్డీలు జారిపోకుండా ఒళ్లోకి లాక్కుని మళ్లీ మొదలుపెట్టింది. మాంటిస్సోరి లెక్కపెడుతూనే ఉన్నారు. 40 సార్లు దాటాక, ఎవరూ ఆపమనకుండానే ఆ పిల్ల ఆగింది. అలసట లేదు, నిద్ర లేచినంత తేటగా ఉందని ఆమె రాసుకున్నారు. 1939లో మాంటిస్సోరి మన దేశానికి వచ్చారు. తెలుగు జిల్లాలు కూడా భాగంగా ఉన్న నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో, అడయారు దివ్యజ్ఞాన సమాజంలో, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. యుద్ధం కారణంగా 1946 దాకా ఇక్కడే ఉండిపోయారు.

పిల్ల 40 సార్లు చేస్తుంటే ఊరికే చూస్తూ కూర్చోవడం మాత్రం పెద్దవాళ్లకు పరీక్షే. మూడోసారికే మన చెయ్యి ముందుకు వెళుతుంది. "అది కాదమ్మా, ఇదిగో ఇక్కడ" అని ముక్క లాక్కుని మనమే పెట్టేస్తాం. ప్రేమతోనే చేస్తాం. కానీ ముక్క చెప్పబోతున్న మాటను మనం మధ్యలోనే తుంచేశాం.

మరి పెద్దవాళ్లకు పనే లేదా అంటే, ఉంది. ఎంత సాయం, ఎప్పుడు అన్నదే ప్రశ్న. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ మూడు, నాలుగు, ఐదేళ్ల పిల్లలు 30 మందికి 21 చెక్కముక్కలు ఇచ్చి పిరమిడ్ కట్టమన్నారు. పక్కన ఒక శిక్షకురాలు. ఆమెకు పెట్టిన నియమం ఒక్కటే: పిల్లలు తమంతట తాము చెయ్యగలిగినంత చెయ్యనివ్వాలి, ఆగిపోతే ముందు నోటిమాటతో సాయపడాలి, అప్పటికీ కాకపోతేనే చేసి చూపాలి. వయసును బట్టి ఆమె పనే మారిపోయింది. మూడేళ్ల వాళ్ల దగ్గర ఎక్కువ శ్రమ వాళ్లను ఆటలోకి మళ్లీ మళ్లీ రప్పించడానికే సరిపోయింది. నాలుగేళ్ల వాళ్లకు మాటసాయం పనికొచ్చింది. ఐదేళ్ల వాళ్లు ఆమెవైపు చూసింది చాలావరకు తాము చేసింది సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికే. ఈ రకం సాయానికి పరిశోధకులు పెట్టిన పేరు పరంజా. గోడ లేచేకొద్దీ మేస్త్రీ పరంజా విప్పుకుంటూ పోయినట్టే పిల్లవాడికి చేతనయ్యేకొద్దీ పెద్దవాళ్లు పక్కకు తప్పుకుంటూ పోవాలి.

మరీ ముందుగా, మరీ స్పష్టంగా చూపించేసినా నష్టమే. ఎలిజబెత్ బోనవిట్జ్, లారా షుల్జ్, వాళ్ల సహచరులు 2011లో వెలువరించిన ప్రయోగంలో బడికి పోని వయసు పిల్లలకు ఒక వింత బొమ్మ ఇచ్చారు. గొట్టాలతో చేసిన ఆ బొమ్మలో నాలుగు రహస్యాలున్నాయి. ఒకటి లాగితే కీచుమంటుంది, ఇంకొకటి నొక్కితే వెలుగుతుంది, మరొకటి సంగీతం వినిపిస్తుంది, లోపల ఒక అద్దం దాగి ఉంటుంది. కొందరికి "ఇది ఎలా పనిచేస్తుందో చూడు" అని కీచుమనే గొట్టం లాగి చూపించారు. ఆ పిల్లలు ఆ గొట్టమే లాగుతూ కూర్చుని తొందరగా వదిలేశారు. ఏమీ చూపించని పిల్లలు, లేదా ఏదో పొరపాటున చెయ్యి తగిలి మోగినట్టు చూసిన పిల్లలు, ఎక్కువసేపు ఆడి ఎక్కువ రహస్యాలు పట్టుకున్నారు. తెలిసినావిడ చూపించిందంటే అందులో చూడాల్సింది అంతేనని పిల్లలు తీర్మానించుకుంటారు. ఆ తీర్మానం తెలివైనదే. అందుకే పెద్దవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

చెయ్యి వెనక్కి పెట్టుకున్న పెద్దవాళ్లు నోరు మూసుకోనక్కర్లేదు. ఇక్కడే షికాగో విశ్వవిద్యాలయంలో సుసాన్ లెవీన్ బృందం చేసిన పని ముఖ్యమవుతుంది. వాళ్లు 53 మంది పిల్లల ఇళ్లకు నాలుగేసి నెలలకోసారి వెళ్లారు. పిల్లలకు 26 నెలలున్నప్పటి నుంచి 46 నెలలు వచ్చేదాకా, వెళ్లిన ప్రతిసారీ గంటన్నర పాటు తల్లీబిడ్డల మామూలు రోజువారీ వ్యవహారాన్ని వీడియో తీశారు. ఎవరికీ పజిల్స్ ఇవ్వలేదు, ఆడమని చెప్పలేదు. 53 మందిలో సగం మందే ఒక్కసారైనా పజిల్ ఆడుతూ కనిపించారు. నాలుగున్నరేళ్లకు అందరికీ ఒక పరీక్ష పెట్టారు: రెండుగా విడిపోయిన ఆకారం కలిస్తే ఎలా ఉంటుందో చూసి చెప్పడం. పజిల్ ఆడినవాళ్లు ఆడనివాళ్లకంటే బాగా చేశారు. ఎక్కువగా ఆడినవాళ్లు ఇంకా బాగా చేశారు. తల్లిదండ్రుల చదువు, ఆదాయం, వాళ్లు మొత్తంగా ఎంత మాట్లాడతారన్నది లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా మిగిలింది. ఇది పరిశీలనే తప్ప ప్రయోగం కాదు కాబట్టి పజిలే కారణమని గట్టిగా చెప్పెయ్యడం తొందరపాటు. ముందే ఆ నేర్పు ఉన్న పిల్లలు పజిల్స్ వైపు మొగ్గి ఉండవచ్చు. ఆ మాట లెవీన్ బృందమూ ఒప్పుకుంది.

అదే విశ్వవిద్యాలయం నుంచి 2011లో వచ్చిన మరో అధ్యయనం మాటల గురించి చెప్పింది. ఆకారాన్నీ, పరిమాణాన్నీ, వంపునూ, అంచునూ చెప్పే మాటలు తల్లిదండ్రులు ఎక్కువగా వాడిన ఇళ్లలో పిల్లలూ ఆ మాటలు ఎక్కువగా వాడారు. అలా వాడిన పిల్లలు నాలుగున్నరేళ్లకు ఆకారాల పరీక్షల్లో ముందున్నారు. ముక్క చేతిలో ఉన్నప్పుడు మన ఇళ్లలో వినిపించే మాట చాలావరకు "అది ఇక్కడ పెట్టు" అన్నదే. "ఈ అంచు తిన్నగా ఉంది చూడు, తిన్నటి అంచు ఇంకా దేనికుంది?" అంటే పిల్లకు వెతుక్కునే పని దొరుకుతుంది. మూల, కొస, బొడిపె, గుంట, వంపు, ఏటవాలు, తలకిందులు, ఎదురుగా, ఆనుకుని, సగం తిప్పు, ఇంకో పక్కకు తిరగెయ్యి: తెలుగులో ఇలాంటి మాటలకు కొదవ లేదు. అవి ముక్క చేతిలో ఉన్నప్పుడు చెవిన పడితే, మాటా ఆకారమూ ఒకేసారి అందుతాయి.

బొమ్మ ముక్కల పజిల్ పుట్టింది కూడా పాఠం కోసమే. 1760లలో లండన్‌లో పటాలు చెక్కే జాన్ స్పిల్స్‌బరీ దేశాల పటాన్ని మహాగని పలక మీద అతికించి, సరిహద్దుల వెంబడి రంపంతో కోసి అమ్మేవాడు. భూగోళం నేర్పడానికి. మూడో జార్జి రాజు పిల్లల సంరక్షకురాలు లేడీ షార్లెట్ ఫించ్ ఇలాంటి పటాలతోనే వాళ్లకు చదువు చెప్పింది. ఏడెనిమిదేళ్ల పిల్లలున్న ఇంట్లో ఈ పని ఇవాళ్టికీ చెయ్యవచ్చు. తెలంగాణ 33 జిల్లాల పటాన్ని అట్ట మీద అతికించి సరిహద్దుల వెంబడి కోస్తే నాలుగు రోజులపాటు ఇంటిల్లిపాదికీ పని దొరుకుతుంది.

చిన్నవాళ్లకు బొమ్మ పజిల్ ఇచ్చేటప్పుడు ఒక సంగతి తెలిసి ఉండాలి. మూడేళ్ల వాళ్లు ముక్కల ఆకారాన్ని చూసే అమర్చుతారు. పెట్టె మూత మీది పూర్తి బొమ్మ ముందు పెట్టినా దాన్ని పెద్దగా వాడుకోరు. నాలుగేళ్లు వచ్చాక ఆ బొమ్మ వాళ్లకు నిజంగా సాయపడటం మొదలవుతుంది. బ్రిటన్‌కు చెందిన మార్టిన్ డోహర్టీ, ఆయన సహచరులు చేసిన పరిశోధనల్లో ఈ మలుపు స్పష్టంగా కనిపించింది. ఒక బొమ్మ ఇంకోదాన్ని సూచిస్తుందన్న ఎరుక అప్పుడే కుదురుతోంది. కాబట్టి మూడేళ్ల పిల్లవాడు కుక్కపిల్ల తోకను ముఖం దగ్గర ఇరికిస్తుంటే "బొమ్మ చూసి పెట్టరా" అని విసుక్కుని లాభం లేదు. వాడు తన వయసుకు తగ్గ దారిలోనే ఉన్నాడు. తోక ముక్క బొడిపె చూపించి, దానికి గుంట ఎక్కడుందో వెతకమంటే సరిపోతుంది.

ఇక బహుమతుల సంగతి. పజిల్ పూర్తిచేస్తే చాక్లెట్ ఇస్తానని ఆశపెట్టడం చాలా ఇళ్లలో మామూలే. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ వెలువరించిన ప్రయోగం ఈ అలవాటును ప్రశ్నిస్తుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆవరణలోని శిశువిహారంలో రంగు స్కెచ్‌పెన్‌లతో బొమ్మలు గియ్యడం ఇష్టపడే పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి, బొమ్మలు గీస్తే బంగారు నక్షత్రమూ రిబ్బనూ ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి ముందు చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తరవాత అవే పెన్నులు బల్ల మీద పెడితే, ముందుగా మాటిచ్చి బహుమతి ఇచ్చిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సుమారు సగం సమయమే వాటితో గడిపారు. ఆటగా ఉన్నది వాళ్లకు జీతానికి చేసే పనైపోయింది. చెప్పకుండా ఇచ్చిన పిల్లలకు ఆ నష్టం కలగలేదు.

మెచ్చుకోలుకూ ఇలాంటి చిక్కే ఉంది. క్లాడియా ముల్లర్, కేరల్ డ్వెక్ 1998లో వెలువరించిన ప్రయోగాలు పది పన్నెండేళ్ల లోపు పిల్లలతో చేసినవి. ఆకారాల పజిల్స్ చేశాక కొందరిని "చాలా తెలివైనదానివి" అన్నారు, కొందరిని "బాగా కష్టపడ్డావు" అన్నారు. తరవాత కష్టమైనవి ఇచ్చి అందరూ తడబడేలా చేశారు. మళ్లీ మొదటి రకం తేలికవే ఇచ్చినప్పుడు తెలివిని పొగిడించుకున్న పిల్లలు మునుపటికంటే తక్కువ చేశారు, కష్టాన్ని పొగిడించుకున్నవాళ్లు మునుపటికంటే ఎక్కువ చేశారు. అంతకన్నా మనసును కలచివేసేది ఇంకోటుంది. తమ మార్కులు ఎవరో తెలియని పిల్లలకు రాసి పంపమంటే, కష్టాన్ని పొగిడించుకున్నవాళ్లలో కంటే తెలివిని పొగిడించుకున్నవాళ్లలో ఎక్కువ మంది మార్కులు పెంచి రాశారు. మూడేళ్ల పిల్ల విషయంలో ఇంత లెక్క అక్కర్లేదు. "ముందు మూలలన్నీ ఏరుకున్నావు, బాగుంది" అంటే చాలు. ఏం చేసిందో ఆమెకు తెలుస్తుంది, రేపు మళ్లీ చెయ్యగలదు.

ఆడపిల్లల గురించి ఒక మాట తప్పకుండా చెప్పాలి. షికాగో వీడియోల్లో ఆడపిల్లలూ మగపిల్లలూ పజిల్స్ ఆడిన సార్లు దాదాపు సమానం. కానీ మగపిల్లల ముందున్నవి ఎక్కువ కష్టమైన పజిల్స్. వాళ్లతో ఆడేటప్పుడు తల్లిదండ్రులు ఎక్కువ ఉత్సాహంగా పాల్గొన్నారు, ఆకారాల మాటలూ ఎక్కువ వాడారు. వాళ్లెవరూ కూతుళ్లను తక్కువచేద్దామనుకున్నవాళ్లు కాదు. కెమెరా నడుస్తోందని తెలిసి కూడా అలా జరిగింది. మన ఇళ్లలో అబ్బాయికి పుట్టినరోజున బిల్డింగ్ బ్లాక్సూ అమ్మాయికి వంటసామాను సెట్టూ కొనడం ఎంత అలవాటో తెలిసిందే. మేనత్తలూ మేనమామలూ వచ్చే పుట్టినరోజుకి ఆ రెండింటినీ తారుమారు చేస్తే బాగుంటుంది.

నిజానికి ముగ్గు వేసే ప్రతి ఇంటి ముందూ ఒక పజిల్ ఉంటుంది. 7 చుక్కలు, సందు చుక్క 4 వరకు: ఈ చిన్న సూచన విని నేల మీద చుక్కల గుంపును కళ్లతో కట్టుకోగలగడం, ఒక పక్క వేసిన మెలికను మిగతా ఐదు పక్కలా తిప్పి వెయ్యగలగడం పైన చెప్పిన పరీక్షలకు ఏమాత్రం తీసిపోని పని. ఐదారేళ్ల పిల్లకు పలక మీద చుక్కలు పెట్టిచ్చి, ఒక పక్క మాత్రం కలిపి, మిగిలింది వదిలెయ్యవచ్చు. మగపిల్లలకూ అంతే.

పొడుపు కథలది ఇంకో దారి. విప్పడంకంటే కట్టడంలోనే పిల్లల మనసు బాగా తెలుస్తుంది. నాలుగేళ్ల పిల్ల కట్టిన పొడుపు కథ ఇలా ఉంటుంది: "నల్లగా ఉంటుంది, కావుకావు అంటుంది, ఏంటది?" దాచాలన్న సంగతే ఇంకా తెలియదు. ఆరేడేళ్లకు "కావుకావు" తీసేస్తే కష్టమవుతుందని కనిపెడుతుంది. ఎదుటివాళ్లకు ఏం తెలుసు, ఏం తెలియదు అన్న లెక్క ఆ వయసులో కుదురుతుంది. తాతయ్య విప్పలేక తల గోక్కుంటే ఆమె ఆనందం ఇంతా అంతా కాదు.

మొబైల్లో పజిల్స్ కొల్లలు. చాలావాటిలో ముక్కను దాని చోటికి దగ్గరగా జరిపితే చాలు, చటుక్కున అతుక్కుంటుంది. తిప్పడం, ఆనించడం, పట్టకపోవడం అనే అసలు భాగమంతా అందులో పోయింది. చేతికి బరువు తగిలే ముక్కలే చిన్నవాళ్లకు మేలు. పాత క్యాలెండరు షీటును అట్టపెట్టె ముక్క మీద మైదా జిగురుతో అతికించి, ఆరాక రెండేళ్ల వాడికి రెండు ముక్కలుగా, మూడేళ్ల వాడికి నాలుగైదు ముక్కలుగా కోస్తే ఖర్చు దాదాపు ఉండదు. మూడేళ్ల లోపు వాళ్లకు ముక్క చిన్నదైతే గొంతులో ఇరుక్కునే ప్రమాదముంది. సుమారు 32 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టంలో పూర్తిగా పట్టే ఏ వస్తువూ ఆ వయసు పిల్లల చేతికి ఇవ్వకూడదని బొమ్మల భద్రతా ప్రమాణాలు చెబుతాయి. సగంలో వదిలి వెళ్లిపోతే వెళ్లనివ్వాలి. ముక్కలు ఒక పళ్లెంలో ఉంటే తీసి పక్కన పెట్టి రేపు మళ్లీ ఇవ్వవచ్చు.

కొంచెం పెద్దవాళ్ల కోసం అరవింద్ గుప్తా చేసిన పని ఉంది. ఐఐటీ కాన్పూరులో చదివిన ఆయన 1970ల చివర్లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంలో పనిచేస్తూ, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలను కలిపి ఆకారాలు కట్టే ఆట రూపొందించారు. మందు గోకేసిన మూడు పుల్లలు, మూడు ట్యూబు ముక్కలు కలిపితే ముక్కోణం. నాలుగు కలిపితే చదరం. పిల్లలు రెంటినీ వేళ్లతో నొక్కి చూస్తారు. చదరం పక్కకు వాలిపోతుంది, ముక్కోణం కదలదు. చదరాన్ని వాలకుండా ఎలా నిలబెట్టాలన్నది తరవాతి పజిల్. కాసేపు కుస్తీ పట్టాక ఎవరో ఒకరు మూల నుంచి మూలకు ఇంకో పుల్ల వేస్తారు, అది పొట్టిదవుతుంది, కాస్త పొడవైనది వెతుక్కుని మళ్లీ వేస్తారు. చదరం బిగుసుకుంటుంది. ఆ వారమంతా వాళ్లు కరెంటు టవర్లలోనూ, రైలు వంతెన మీదా, కొత్త బస్టాండు రేకుల కప్పు కిందా ముక్కోణాలు లెక్కపెడుతూనే ఉంటారు.